నోటికి కట్టని గుడ్డ

నీళ్లు లేని అనంతపురం జిల్లావాడివి, నేవీలోకి ఎట్లా పోయావని నన్ను అడగని మనిషి లేడు. పెళ్లిళ్లలో అడుగుతారు, బస్సులో అడుగుతారు, మంగలి అయితే కత్తి గొంతు మీద పెట్టి మరీ అడుగుతాడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, నీళ్లు ఎట్లుంటాయో చూద్దామని పోయినానప్పా అని ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా నేను చూసిన పెద్ద నీళ్లంటే పామిడి దగ్గర పెన్నలో పారినవే. అవి కూడా వాన పడిన రెండు రోజులే.

మాది ఉరవకొండలో మగ్గం మీద బతికిన ఇల్లు. నాయన చీరలు నేసేవాడు. మగ్గం మీద ఒక పడుగు అయిపోతే, కొత్త పడుగు దారాలను పాత దారాల కొసలకు ఒక్కొక్కటే అతకాలి. వేల దారాలుంటాయి. మా అమ్మ ఆ పనిలో దిట్ట. కొసను నాలుకకు ఆనించి తడిపేది, వేళ్లకు కాస్త బూడిద అద్దుకునేది, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి పెట్టేది. ముడి ఉండదు, అతుకు కనపడదు. పీచు లేస్తే ఉఫ్‌మని ఊదేసేది. పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. దారం చేతికొచ్చిందంటే దాని కొస నోట్లోకి పోవాల్సిందే. అది మేం ఆలోచించి చేసే పని కాదు.

నేవీలో నన్ను బాయిలర్ పనికి వేశారు. ఓడ పాతది. తెల్లవాళ్లు తమ యుద్ధానికి కట్టుకుని, వాళ్ల పని తీరాక మనకిచ్చారు. మన యుద్ధానికీ అదే పనికొచ్చింది. దాని కడుపులో బాయిలర్లు, వాటి నుంచి ఆవిరి పోయే గొట్టాలు. ఆ వేడి బయటికి పోకుండా, మనిషి చెయ్యి తగిలితే కాలకుండా గొట్టాల చుట్టూ ఒక తెల్లటి పిండిని నీళ్లలో కలిపి మెత్తేవాళ్లం. దానిపైన తెల్లటి గుడ్డ చుట్టి కుట్టేవాళ్లం. పిండీ గుడ్డా దారమూ మూడూ ఆస్బెస్టాసే. మన ఇళ్ల మీద వేసే రేకుల్లో కలిపేది. పుస్తకాల్లో దాన్ని రాతినార అంటారట. మాకు ఆ పేరూ తెలియదు, ఈ పేరూ తెలియదు. నిప్పులో వేసినా కాలని గుడ్డ, అంతే. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, నేతగాడి కొడుకుని కదా, ముందు దాని పడుగూ పేకా చూశాను. రాయిని గుడ్డగా నేసిన ఆ మహానుభావుడెవడో అని మనసులోనే దండం పెట్టుకున్నాను.

మిగతావాళ్లు గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టేవాళ్లు. నేను చీర అంచంత పొందికగా కుట్టేవాణ్ణి. దారం తెగితే ముడి వెయ్యను. అమ్మ చేసినట్టే పీచు విప్పి, ఊది, నాలుకకు అద్ది, మెలిపెట్టి అతికేస్తాను. మా పైన చీఫ్ ఒకాయన ఉండేవాడు, పంజాబ్ మనిషి. వేరే సెక్షన్ల వాళ్లను పిలుచుకొచ్చి మరీ నా కుట్టు చూపించేవాడు. ఇరవై ఏళ్ల వయసు, ఇంక అడగాలా, నాకు పొగరెక్కింది.

నా స్నేహితుడు మా ఓడకు వచ్చింది ఆ సమయంలోనే. కణేకల్‌లో కాలవ కింద భూములున్న రైతు ఇంటి బిడ్డ. మడక పట్టిన చేతులు, ఒక్కో వేలు బెండకాయంత లావు. సూదిలో దారం ఎక్కించమంటే సూదినే విరిచేశాడు. చీఫ్‌కు కోపమొచ్చి, ఇట్లాంటివాణ్ణి ఓడ అడుగున మురుగునీళ్లు తోడటానికి పంపించేస్తానన్నాడు. ఓడ మొత్తం మీద మా జిల్లా మాట మాట్లాడేది మేమిద్దరమే. యాడికి పోతాండావ్ అని మేం మాట్లాడుకుంటుంటే కోస్తా వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. వాడు కిందికి పోతే నేను ఎవరితో మాట్లాడాలి? నాలుగు రోజులు గడువడిగి నేనే నేర్పించాను. దారం ఎట్లా తడపాలో, ఎట్లా మెలిపెట్టాలో, పీచు ఎట్లా ఊదాలో అన్నీ. బండగా కనపడే ఆ వేళ్లు నెల తిరిగేసరికి నా వేళ్లతో సమానంగా ఆడాయి. మగ్గం లేని ఇంట్లో పుట్టి నేత పని పట్టుకున్నవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను.

యుద్ధం వచ్చిన ఏడాది వారాల తరబడి సముద్రంలోనే ఉన్నాం. రోజూ ఏదో ఒక వాల్వు కారేది. కట్టిన గుడ్డ కోసెయ్యాలి, వాల్వు బాగుచెయ్యాలి, మళ్లీ కట్టాలి. పైన ఫిరంగులు పేలితే ఓడంతా అదిరి, గొట్టాల మీదినుంచి తెల్లటి పొడి రాలేది. టీలో పడేది, రొట్టెల మీద పడేది. ఊదుకుని తినేసేవాళ్లం. మమ్మల్ని చంపేదేదైనా ఉంటే అది నీళ్ల కిందినుంచి వస్తుందని అందరికీ భయం. నెత్తిన రాలేదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క చీఫ్ మాత్రం, అందరూ దగ్గుతున్నారని, ఒకరోజు ప్రతి ఒక్కరూ ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలని ఆర్డరేశాడు.

అందరూ కట్టుకున్నారు. నా స్నేహితుడూ కట్టుకున్నాడు. నేను కట్టుకోలేదు. వాడి ముఖం మీద గుడ్డ చూసి నాకు నవ్వొచ్చింది.

"నోరు కట్టేసుకుంటే దారం యాడ తడుపుతావప్పా? తీసెయ్ ఆ గుడ్డ. నోరు లేకుండా ఈ పని రాదు" అన్నాను.

వాడు మారుమాట లేకుండా తీసేశాడు. చీఫ్ వచ్చి కేకలేశాడు గానీ, మేం కుట్టింది చూసి తల ఆడించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మమ్మల్నిద్దరినీ ఎవరూ ఏమీ అనలేదు. యుద్ధమంతా, దాని తర్వాత ఇంకో ఆరేళ్లు, ఆ గదిలో నోటికి గుడ్డ లేనివాళ్లం మేమిద్దరమే. దాన్నొక గొప్పగా కూడా చెప్పుకునేవాళ్లం.

నేవీ వదిలాక నేను ఉరవకొండకు వచ్చి బ్యాంకులో తుపాకి పట్టుకుని కూర్చునే ఉద్యోగం చేశాను. ఒక్కసారి కూడా పేల్చే అవసరం రాలేదు, దేవుడి దయ. వాడు కణేకల్ పోయి వరి పెట్టుకున్నాడు. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలయ్యారు, వాళ్ల పిల్లలూ అయ్యారు. నాకు ఈ బతుకు మీద ఫిర్యాదు లేదు. ఇల్లుంది, నన్ను తిట్టడానికి భార్య ఉంది, పింఛన్ ఉంది. వీటన్నిటికన్నా ముందు నాకు గురువారం ఉంది. బ్యాంకులో నాకు వారం సెలవు ఆ రోజే పడేది, అప్పటి నుంచి ప్రతి గురువారం పొద్దున్నే బస్సెక్కి కణేకల్ పోతాను. వాడి ఇంటి అరుగు బండ మీద చెక్కిన గీతల్లో పులిమేక ఆడతాం. వాళ్లావిడ నన్ను అన్నా అని పిలుస్తుంది, జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ పెడుతుంది. ఓడిపోయినవాడు గెలిచినవాణ్ణి నోటికొచ్చినట్టు తిడతాడు. సాయంత్రం బస్సుకు తిరిగొస్తాను. ముప్పై ఏళ్లకు పైగా మా ఇద్దరికీ పండగ అదే.

మూడేళ్ల కిందట వాడికి దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత ఆయాసం. ఇంటి నుంచి కాలవ గట్టుకు పోయేలోపు రెండుచోట్ల నిలబడేవాడు. దారిలో ఎవరైనా చూస్తే, పైరు చూస్తాండా అనేవాడు. పక్క పట్నంలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగాడు. తగ్గలేదు. మళ్లీ మొదలుపెట్టారు. అంటుకునే జబ్బని వాళ్లావిడ వాడికి తట్టా గ్లాసూ వేరే పెట్టింది. ఆమెనేమీ అనలేం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మనవళ్లను అరుగు దాటి రానిచ్చేది కాదు. ఊళ్లోవాళ్లు వీధిలో నిలబడే పలకరించి పోయేవాళ్లు. వాడి చాప మీద వాడికి ఎదురుగా కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే. దూరంగా కూసో అన్నా, నీకేమన్నా అయితాది అనేవాడు. నోరు మూసుకుని మేక కదిలించు అనేవాణ్ణి.

ఈ ఏడాది నాకు పొట్ట కింద చిన్న ఆపరేషన్ పడింది. దానికి ముందు ఎక్స్‌రే తియ్యాలని అనంతపురంలో మాజీ సైనికుల ఆస్పత్రికి పంపారు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, మీరు ఓడల్లో ఏం పని చేసేవారని అడిగింది. ఇన్నేళ్లకు నా పని గురించి అడిగే మనిషి దొరికింది కదా, నాకు ఉత్సాహం ఆగలేదు. బాయిలర్లు, గొట్టాలు, గుడ్డ, అన్నీ వివరించి చెప్పాను. అక్కడే ఉన్న కట్టుగుడ్డలోంచి రెండు దారాలు లాగి, ఊది, నాలుకకు అద్ది, మెలిపెట్టి చూపించాను. అతుకు కనపడుతోందా చెప్పండి అన్నాను. ఆమె అతుకు చూడలేదు. నా ముఖమే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత మెల్లగా చెప్పింది. ఆ దారంలో, ఆ పొడిలో కంటికి కనపడని సూదులుంటాయట. ఊపిరితో లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయట. ఎన్నో ఏళ్లకు గానీ బయటపడవట. నాకు ఊపిరితిత్తుల పైపొర మీద మచ్చలున్నాయని, లోపల మాత్రం బాగానే ఉందని, ఏడాదికొకసారి వచ్చి చూపించుకుంటే చాలునని చెప్పింది. మీతోపాటు అదే పని చేసినవాళ్లెవరైనా ఆయాసపడుతున్నారా, ఉంటే తీసుకురండి అంది.

ఉరవకొండ వచ్చేదాకా బస్సులో నా మచ్చల గురించి నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. తీసెయ్ ఆ గుడ్డ అన్న నా మాటే చెవిలో మోగింది. వాడిది టీబీ కాదని నాకు అర్థమైపోయింది. ఆ మాత్రలు వాడికి చేసే మేలేమీ లేదు. అది చెప్పాలంటే గుడ్డ సంగతీ చెప్పాలి. చెప్పాక వాడు నన్ను గడప తొక్కనిస్తాడా? ఆ వచ్చిన గురువారం చెప్పాలనే పోయాను. పులిమేక ఆడి, రొట్టె తిని వచ్చేశాను. మరుసటి గురువారం కూడా అంతే. సిగ్గు లేకుండా ఆ రోజు గెలిచాను కూడా.

నా భార్యకు చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది, చెరగడం ఆపలేదు.

"నీ గురువారాలు పోతాయని ఆయప్ప ఊపిరి తీస్తావా?" అంది.

అంతకంటే ఏం చెప్పాలి. మరునాడే, గురువారం కాకపోయినా, కణేకల్ పోయాను. మా ఆస్పత్రిలో మంచి డాక్టరమ్మ ఉంది, ఒకసారి చూపిద్దాం రా అన్నాను. గుడ్డ సంగతి ఎత్తలేదు, నోరు రాలేదు. వాడు రానన్నాడు. బళ్లారికి రమ్మంటే వస్తాడట, కర్నూలుకు రమ్మన్నా వస్తాడట, ఆ ఆస్పత్రికి మాత్రం రాడట. ఎందుకయ్యా అంటే చెప్పడు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మామూలుగా ఇంత మొండి మనిషి కాదు. వాళ్లావిడ బతిమాలింది, కొడుకు బతిమాలాడు. నాకు కోపం నషాళానికి అంటింది. నా కోపం ఎట్లాంటిదో బ్యాంకులో పనిచేసినవాళ్లను అడగాలి.

"నువ్వు రాకుంటే నేనింగ ఈ గడప తొక్కను, సూడు" అని చెప్పులేసుకున్నాను.

వాడు లేచి చొక్కా తొడుక్కున్నాడు. వాళ్లావిడ ఆశ్చర్యంగా నా వైపు చూసింది. ఇంత చిన్న మాటకు లొంగుతాడని తెలిస్తే గంట ముందే అనేవాణ్ణి.

అనంతపురంలో పొద్దున స్కాను తీశారు. మధ్యాహ్నం డాక్టరమ్మ లోపలికి పిలిచింది. నేను, వాడు, వాళ్లావిడ. పాత రిపోర్టులన్నీ ముందేసుకుని చదివింది. కఫం పరీక్షలో ఒక్కసారి కూడా టీబీ దొరకలేదని, ఇది టీబీ కాదని చెప్పింది. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. గట్టిపడినది మళ్లీ మెత్తబడదు. అయితే మెల్లగా పెరిగేదే గానీ రేపే మీద పడేది కాదు. ఊపిరికి కసరత్తులున్నాయి, అవసరమైతే ఆక్సిజన్ ఉంది, ఆ మాత్రలు ఆపేయవచ్చు. జాగ్రత్తగా ఉంటే కాలవ గట్టు మీద ఇంకా చాలా పైర్లు చూడొచ్చని నవ్వుతూ అంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని కూడా చెప్పింది. ఆ మాట వినగానే వాళ్లావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని వరసగా అడుగుతూ రాసుకుంది. ఎన్నేళ్లు చేశారు, రోజుకు ఎన్ని గంటలు, గాలి ఆడేదా. అన్నిటికీ వాడే జవాబు చెప్పాడు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకునేవారా అని అడిగింది.

 నేను నోరు తెరిచేలోపే వాడు అన్నాడు.

"కట్టుకునేటోళ్లం మేడం. అందరమూ కట్టుకునేటోళ్లం."

మరిచిపోయాడేమో అనుకున్నాను. వాడి ముఖం చూస్తే మరిచిపోయినట్టు లేదు. బల్ల అంచునే చూస్తున్నాడు.

"అబద్ధం మేడం" అన్నాను. "ఈయప్ప కట్టుకున్యాడు. తీసెయ్యమని నేనే చెప్పినా. దారం నోట్లో పెట్టేది గూడా నేనే నేర్పించినా. తప్పు నాది."

అన్నాను గానీ, వాడి వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు.  ఇది ఓడలో తగిలిన జబ్బని మీకు ముందే తెలుసా అని డాక్టరమ్మ వాడినే అడిగింది. నేనైతే తెలియదనే అంటాడనుకున్నాను.

"మూడేండ్లాయె మేడం తెలిసి" అన్నాడు వాడు. దగ్గొస్తే ఆగి, మళ్లీ చెప్పాడు. మా ఓడలో పనిచేసినవాళ్లు ఫోన్లో ఒకరికొకరు రాసుకుంటున్నారట. నాది మాట్లాడటానికి తప్ప ఇంక దేనికీ పనికిరాని ఫోను. ఇద్దరు ఇదే జబ్బుతో పోయారట. అది చదివినప్పుడే తనదేం జబ్బో తెలిసిపోయిందట. ఈ ఆస్పత్రికి వస్తే ఓడ సంగతులన్నీ అడుగుతారని రానన్నాడట.

వాళ్లావిడ ఏడుపు ఆపేసింది. "తెలిసీ ఆ మాత్రలు ఏంటికి మింగినావయ్యా? తట్ట వేరే పెట్టినా గదా నీకు. పిల్లోళ్లను గూడా దగ్గరికి రానియ్యకపోతిని" అంది.

వాడు ఆమెకు జవాబు చెప్పినా, చెయ్యి మాత్రం నా వైపు చూపించాడు.

"ఇది ఓడలో తగులుకున్న జబ్బని చెప్తే, ఈయప్పకు ఎరుకైతాది గదా. ఎరుకైనాక మొగం చెల్లక మనింటికి రాడు. గురువారం పూట నాకింగ ఎవరొస్తారు? మాత్రలదేముండాది, నీళ్లు పోసుకుంటే దిగిపోతాయి."

బుద్ధుందా నీకు అని అరవబోయాను. మూడేళ్లు అరుగు మీద ఒంటిగా, వేరే తట్టలో తిన్నావే, మనవళ్లను తాకకుండా ఉన్నావే అని తిట్టబోయాను. అంతలో పక్క గదిలోంచి నా పేరు పిలిచారు. వాడు నా భుజం మీద ఒక దెబ్బ వేసి, పో, నిన్ను పిలుస్తాండారు అన్నాడు.

ఎట్లాగూ వచ్చానని డాక్టరమ్మ నాకూ పక్క గదిలో ఊపిరి పరీక్ష రాసింది. అక్కడున్న అమ్మాయి ఒక గొట్టం నోట్లో పెట్టి, గట్టిగా ఊదండి తాతా అంది. ఊదాను. మిషన్ మీద గీత కదల్లేదు. మళ్లీ ఊదమంది. మూడోసారి కూడా కదలకపోయేసరికి ఆ పిల్ల కంగారుపడి, మీకు కూడా ఆయాసముందా అని అడిగింది.

"లేదమ్మా, ఏడుపొస్తాంది" అన్నాను. "కొంచెం ఆగు."